ఇరవై సరే, ఇరవై ఏంటి?

టార్క్ డ్రైవర్, అంటే ఎంత గట్టిగా తిప్పాలో ముందే పెట్టుకుని బిగించే స్క్రూ డ్రైవర్, వాడేవాళ్ళకి ఆ 'టిక్' బాగా తెలుసు. మనం పెట్టిన విలువ దగ్గరికి రాగానే చేతిలో చిన్న కుదుపు, దాంతోపాటు ఒక చప్పుడు. ఇక చాలు, ఆపేయమని. ఆ రోజు నేను ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించి తిప్పుతున్నాను. చప్పుడు రానే వచ్చింది, కానీ డ్రైవర్ లోంచి కాదు, స్క్రూ లోంచి. ఎం2 స్క్రూ, అంటే రెండు మిల్లీమీటర్ల మందం. తల తెగి డ్రైవర్ కొసన అయస్కాంతానికి అతుక్కుంది. మిగతా ఒళ్ళంతా అల్యూమినియం బాడీలో ఉండిపోయింది. దాన్ని బయటికి తీయడానికి పట్టిన మధ్యాహ్నం సంగతి ఇప్పుడు వద్దు.

స్క్రూని ఎంత బిగించాలో చెప్పే షీట్ మీద 20 అని ఉంది. డ్రైవర్ మీద 20 పెట్టాను. ఇందులో తప్పేముంది?

షీట్ మీద ఉన్నది 20 ఔన్స్ ఇంచులు. డ్రైవర్ మీద గీతలు ఇంచ్ పౌండ్లవి. పౌండుకి 16 ఔన్సులు కాబట్టి అడిగినదానికి 16 రెట్లు బిగించబోయాను. న్యూటన్ మీటర్లలో చెప్పాలంటే 0.14 కావాల్సిన చోట 2.26. మామూలు ఎం2 స్టీలు స్క్రూ అర న్యూటన్ మీటర్ దాకా కూడా రాకుండానే తెగుతుంది. నా డ్రైవర్ క్లిక్ అవడానికి ఇంకా నాలుగైదు రెట్లు తిప్పాల్సి ఉండేది. పాపం స్క్రూ ఏం చేస్తుంది?

విన్నవాళ్ళు ఒకే మాట అన్నారు: "ఆన్‌లైన్‌లో కన్వర్టర్ ఉంటుంది కదా, అందులో వేసుకోవాల్సింది." ఈ వ్యాసం ఆ మాటకి జవాబు. కన్వర్టర్ నన్ను కాపాడేది కాదు. నేను దాంట్లో '20 ఇంచ్ పౌండ్లు' అనే కొట్టేవాణ్ణి, అది వినయంగా 2.2596966 న్యూటన్ మీటర్లు అని ఇచ్చేది. ఆ ఏడు దశాంశాలు చూసి నా ధైర్యం ఇంకా పెరిగేది. చిన్న టార్కుల్లో గుణకం దగ్గర తప్పులు జరగడం నేను చాలా అరుదుగా చూశాను. తప్పు అంతకంటే ముందే, యూనిట్ పేరు చదివే దగ్గరే అయిపోతుంది. మనం జాగ్రత్త అంతా గుణకారం మీద పెట్టి, చదవడం దగ్గర కళ్ళు మూసుకుంటున్నాం.

యూనిట్ల తప్పులు అనగానే 1999లో అంగారకుడి దగ్గర పోయిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కథ ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. పౌండ్లలో వచ్చిన లెక్కని న్యూటన్లు అనుకున్నారు, 4.45 రెట్లు తేడా, నౌక పోయింది. నిజమే. కానీ అంత పెద్ద తప్పుకి విచారణ జరుగుతుంది, రిపోర్టు వస్తుంది, పదిమందీ నేర్చుకుంటారు. చిన్న స్క్రూ తెగితే 'సరుకు నాసిరకం' అనుకుని ఇంకోటి తీసుకుంటాం. నేనూ మొదట అదే అనుకున్నాను. రెండోది కూడా తెగాకే షీట్ మళ్ళీ చదివాను.

అసలు టార్క్ యూనిట్ అంటే ఒక పేరు కాదు, రెండు పేర్ల జంట. ఒకటి బలం, ఒకటి దూరం. ఇంగ్లీషులో టార్క్ అన్న మాటని 1884లో జేమ్స్ థామ్సన్ వాడుకలోకి తెచ్చాడు, లార్డ్ కెల్విన్ అన్నగారు. మెలితిప్పడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి. మన పాఠ్యపుస్తకాల్లో బలభ్రామకం అంటారు. పలకడానికి బరువుగా ఉన్నా నాకు ఆ మాటే నచ్చుతుంది, ఎందుకంటే అందులో 'బలం' పైకే కనబడుతుంది. టార్క్ అనేసరికి అదేదో ఒంటరి వస్తువు అనిపించి, దాని వెనక ఒక బరువు, ఒక చేయి ఉన్నాయన్న సంగతి మరుగున పడుతుంది. 20 ఔన్స్ ఇంచులు అంటే ఒక ఇంచు పొడవున్న చేతి చివర 20 ఔన్సుల బరువు. లేదా రెండించుల చేతి చివర 10 ఔన్సులు. అంతే విషయం.

అలా విడదీసి చూస్తే మార్చడం కూడా తేలిక. ఔన్సు 28.35 గ్రాములు, ఇంచు 2.54 సెంటీమీటర్లు. రెండూ గుణిస్తే 72. అంటే ఒక ఔన్స్ ఇంచుకి 72 గ్రామ్ సెంటీమీటర్లు. కచ్చితంగా చెప్పాలంటే 72.008, కానీ ఆ చివరి చిల్లర ఎవరికీ అక్కర్లేదు. మేళకర్త రాగాలు ఎన్నో అన్నే, కాబట్టి మరిచిపోను. 20 ఔన్స్ ఇంచులు అంటే 1440 గ్రామ్ సెంటీమీటర్లు. రోజుకి ఎన్ని నిమిషాలో అన్ని. ఇది యాదృచ్ఛికమే, అయినా గుర్తుండిపోయింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పై లెక్కలో 9.8 అన్న అంకె ఎక్కడా రాలేదు. ఔన్సూ గ్రామూ రెండూ ఇక్కడ బరువులే, భూమి లాగితే వచ్చిన బలాలే. అటూ ఇటూ భూమే కాబట్టి అది కొట్టుడుపోతుంది. న్యూటన్లలోకి అడుగుపెట్టినప్పుడే భూమ్యాకర్షణ ఎంత అన్న ప్రశ్న వస్తుంది. అందుకోసం 1901లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ ఒక విలువ ఖరారు చేసింది: 9.80665. ఇంచునీ పౌండునీ మెట్రిక్ కొలతలకి కచ్చితంగా కట్టేసిన ఒప్పందం 1959 నాటిది: ఇంచు అంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు, పౌండు అంటే సరిగ్గా 0.45359237 కిలోలు. ఈ మూడు అంకెలూ ఉంటే మిగతా గుణకాలన్నీ వాటంతటవే పుట్టుకొస్తాయి. కన్వర్టర్లలో ఉన్న పొడుగాటి పట్టిక వెనక ఉన్న సరుకంతా ఇదే.

నేను మిల్లీన్యూటన్ మీటర్లలో మూడే గుర్తుపెట్టుకున్నాను. ఔన్స్ ఇంచుకి 7. కిలోగ్రామ్ సెంటీమీటర్‌కి 98. ఇంచ్ పౌండుకి 113.

ఈ మూడింటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది 16 రెట్ల తేడా కాదు. అది అరుస్తుంది. స్క్రూ తెగుతుంది, లేదా మోటారు అసలు కదలదు, వెంటనే తెలుస్తుంది. భయపెట్టేది 98కీ 113కీ మధ్య ఉన్న తేడా. కిలోగ్రామ్ సెంటీమీటర్ అనుకుని ఇంచ్ పౌండ్ వాడితే 15 శాతం ఎక్కువ బిగుస్తుంది. ఏమీ విరగదు. చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. ప్లాస్టిక్ బాడీలో ఉన్న థ్రెడ్ మాత్రం మూడోసారో నాలుగోసారో విప్పి బిగించినప్పుడు పోతుంది, అప్పటికి ఎవరు ఎప్పుడు ఏ యూనిట్‌లో బిగించారో ఎవరికి గుర్తు? దగ్గరదగ్గరగా ఉన్న యూనిట్లు కవలపిల్లల్లాంటివి, ఒకళ్ళనుకుని ఇంకొకళ్ళని పిలిచినా పలుకుతారు.

నా డ్రైవర్ విషయంలో కూడా నన్ను ముంచింది అదే తరహా పోలిక. దాని మీద గీతలు 5 నుంచి 40 దాకా ఉన్నాయి. 20 నడిమధ్యలో హాయిగా కూర్చుంది. షీట్ మీద 300 అని ఉండి ఉంటే డ్రైవర్ మీద అంత విలువే లేదే అని ఆగేవాణ్ణి. సరిపడే అంకె దొరికితే మనిషి బుర్ర ప్రశ్నలు అడగడం మానేస్తుంది.

ఇక యూనిట్లు రాసే తీరు. ఇక్కడ కాసేపు కోప్పడక తప్పదు.

చిన్న సర్వో మోటార్లు కొన్నవాళ్ళు చూసే ఉంటారు, 'టార్క్: 1.8 కేజీ/సెం.మీ.' అని ఉంటుంది. ఆ గీత ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు కానీ జబ్బులా పాకింది. ఆ గీతకి అర్థం భాగహారం. సెంటీమీటరుకి 1.8 కేజీలు అంటే, రెండు సెంటీమీటర్లకి 3.6 కేజీలు, పది సెంటీమీటర్లకి 18 కేజీలు మోస్తుందన్నట్టు. చేయి పొడవు పెంచుకుంటూ పోతే ఆ బుల్లి మోటారు బస్తాలెత్తాలి! అసలు సంగతి దానికి పూర్తిగా తలకిందులు. అది గుణకారం. ఒక సెంటీమీటర్ దగ్గర 1.8 కేజీలు, రెండు దగ్గర 900 గ్రాములు, పది సెంటీమీటర్ల చేయి పెడితే 180 గ్రాములు. అది కూడా మోటారు ఆగిపోయే హద్దు దగ్గర. ఒక కుర్రాడు రోబో చేయి చేస్తూ, 12 సెంటీమీటర్ల చేతి చివర అర కేజీ ఎత్తడానికి ఈ మోటారు చాలా ఎక్కువేమో అని నన్నడిగాడు. ఆ గీతని నమ్మినవాడికి అది సహజమైన ప్రశ్నే. అతనికి కావాల్సింది 6 కిలోగ్రామ్ సెంటీమీటర్లు, చేతి సొంత బరువు కాక. మోటారు ఇచ్చేది దాంట్లో మూడో వంతు కూడా లేదు.

'ఔన్స్-ఇంచ్' అని మధ్యలో అడ్డగీత పెట్టడం ఇంకో అలవాటు. అది తీసివేతలా కనిపిస్తుంది కానీ అలా అపార్థం చేసుకునేవాళ్ళు తక్కువ కాబట్టి క్షమించేయొచ్చు. ఇంచ్ పౌండుని 'ఇన్-ఎల్‌బి', ఔన్స్ ఇంచుని 'ఇన్-ఓజెడ్' అని పొట్టిగా రాసి, ఫోటోకాపీకి ఫోటోకాపీ తీసి, చివరికి అక్షరాలు మసకబారిన షీట్ చేతికి ఇవ్వడాన్ని మాత్రం క్షమించలేను. నాకు వచ్చింది అలాంటిదే.

న్యూటన్ మీటర్ల వైపు వస్తే అంతా సుఖమే అనుకోకండి. మిల్లీన్యూటన్ మీటర్‌ని పొట్టిగా రాస్తే ఎం, ఎన్, ఎం. మొదటి ఎం మిల్లీ, చివరి ఎం మీటర్. మొదటిది పొరపాటున పెద్దక్షరం అయితే మెగా. వంద కోట్ల రెట్లు తేడా, అయితే అంత పెద్ద తప్పు ఎవరి కంటా పడకుండా పోదు కనుక ప్రమాదం లేదు. 'ఎన్ఎంఎం' అని రాసినది చూసి ఒకసారి బెదిరిపోయాను. అది న్యూటన్ మిల్లీమీటర్. మిల్లీని బలానికి తగిలించినా దూరానికి తగిలించినా లబ్ధం ఒకటే కాబట్టి, ఒక న్యూటన్ మిల్లీమీటర్ అంటే ఒక మిల్లీన్యూటన్ మీటరే. మార్చడానికేమీ లేదు. పది నిమిషాలు కాగితం మీద లెక్కలు వేసి, వేసినదంతా ఒకటితో గుణించడమేనని తేలాక నవ్వొచ్చింది. మీటర్ ముందు, న్యూటన్ వెనక ఎందుకు రాయకూడదో కూడా అప్పుడే అర్థమైంది. అలా రాస్తే మీటర్ న్యూటన్, మిల్లీన్యూటన్ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పళ్ళ డాక్టర్లు ఇంప్లాంట్ స్క్రూలకి న్యూటన్ సెంటీమీటర్లు వాడతారు. 35 అనడం చాలా మామూలు. అది 0.35 న్యూటన్ మీటర్, అంటే 50 ఔన్స్ ఇంచులకి ఇటుగా. నోట్లో చేసే పనికి ఒక్క అంకెలోనో రెండంకెల్లోనో తేలే పూర్ణసంఖ్యలు కావాలి, దశాంశ బిందువు చెరిగిపోతే ప్రమాదం. ఆ ఎంపిక నాకు సబబుగానే అనిపిస్తుంది. సీసా మూతలు బిగించే పరిశ్రమలో ఒక చిత్రమైన చిట్కా ఉంది. మూత వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతో, అందులో సగం ఇంచ్ పౌండ్లు పెట్టమంటారు. 28 మిల్లీమీటర్ల మూతకి 14 ఇంచ్ పౌండ్లు, సుమారు 1.6 న్యూటన్ మీటర్లు. మెట్రిక్ ఒక కాలు, ఇంచ్ ఒక కాలు. యూనిట్ల శుద్ధి గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళకి ఒళ్ళు మండుతుంది, కానీ పని జరుగుతుంది.

ఇంకా కిందికి వెళ్తే డైన్ సెంటీమీటర్. ద్రవాల చిక్కదనం కొలిచే బ్రూక్‌ఫీల్డ్ విస్కోమీటర్ల స్ప్రింగులు ఇప్పటికీ ఆ భాషలోనే మాట్లాడతాయి. ఎల్‌వి రకం స్ప్రింగు పూర్తి స్థాయి 673.7 డైన్ సెంటీమీటర్లు, ఆర్‌వి రకానిది 7187. ఒక డైన్ సెంటీమీటర్ అంటే సెంటీమీటర్ చేతి చివర సుమారు ఒక మిల్లీగ్రాము పెట్టినట్టు. దీన్ని మార్చడంలో ఒక సుఖముంది. డైన్ సెంటీమీటర్ నుంచి న్యూటన్ మీటర్‌కి అంకెలు మారవు, బిందువు ఏడు స్థానాలు జరుగుతుంది, అంతే. 7187 డైన్ సెంటీమీటర్లు 0.7187 మిల్లీన్యూటన్ మీటర్లు. భూమి ప్రమేయం లేని రెండు పద్ధతుల మధ్య ఎప్పుడూ ఇంతే. ఒక్కటే చిక్కు, బిందువుని ఆరు స్థానాలు జరిపినా ఎనిమిది జరిపినా జవాబు అంతే శుభ్రంగా కనిపిస్తుంది. నా 20 ఔన్స్ ఇంచుల్ని డైన్ సెంటీమీటర్లలో చెప్తే 14 లక్షల 12 వేల పైచిలుకు. యూనిట్ చిన్నదైతే అంకె పెద్దదవ్వాలి, యూనిట్ పెద్దదైతే అంకె చిన్నదవ్వాలి. మార్చాక ఈ ఒక్కటీ చూసుకుంటే గుణించాల్సిన చోట భాగించే తప్పు వెంటనే దొరుకుతుంది.

ఇప్పుడు దశాంశాల సంగతి. ఒకసారి ఒక వర్క్ షీట్ చూశాను, '0.14123104 న్యూటన్ మీటర్ల వద్ద బిగించండి' అని. ఎవరో 20 ఔన్స్ ఇంచుల్ని కన్వర్టర్‌లో వేసి, వచ్చింది వచ్చినట్టు దించేశారు. ఆ పని చేసే డ్రైవర్ మీద గీతలు 0.01కి ఒకటి. చేతి టార్క్ పనిముట్ల ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం చూసినా 10 న్యూటన్ మీటర్ల లోపు పనిముట్లకి 6 శాతం అటూ ఇటూ అనుమతి ఉంది. 0.141కి 6 శాతం అంటే 0.008. అంటే రెండో దశాంశమే వణుకుతుంటే ఎనిమిదో దశాంశం దాకా రాశారన్నమాట. సరే, పనిముట్టు దోషం లేకుండా ఉందనే అనుకుందాం. స్క్రూకి మనం ఇచ్చే టార్కులో సుమారు 10 శాతమే దాన్ని లాగి పట్టి ఉంచడానికి పనికొస్తుంది, మిగతాదంతా తల కింద, థ్రెడ్ల మధ్య రాపిడికే పోతుంది. పొడిగా ఉన్న స్టీలు స్క్రూకి రాపిడి లెక్కలో వాడే గుణకం 0.2 దగ్గర ఉంటే, కాస్త నూనె తగిలితే 0.15 దగ్గరికి దిగుతుంది. టార్క్ మార్చకుండానే బిగువు మూడో వంతు పెరుగుతుంది. వేలికి అంటిన నూనె మరక ముందు ఆ దశాంశాలన్నీ దిగదుడుపే.

అలాగని గుండు సున్నా చుట్టేయమని కాదు. దేన్ని ఎటు సవరించాలో తెలియాలి. 20కి 2 అటూ ఇటూ, అంటే 18 నుంచి 22 ఔన్స్ ఇంచులు అని హద్దులు ఉన్నాయనుకోండి. మిల్లీన్యూటన్ మీటర్లలో అవి 127.1, 155.4. మామూలుగా సవరిస్తే 127 నుంచి 155 అవుతుంది. కానీ 127 అసలు హద్దు కంటే కింద ఉంది. ఒరిజినల్ ప్రకారం తిరస్కరించాల్సిన ముక్క కొత్త షీట్ ప్రకారం పాసైపోతుంది. కింది హద్దుని పైకి, పై హద్దుని కిందికి, రెండిటినీ లోపలికే సవరించాలి: 128 నుంచి 155. ఈ ఒక్క విషయం ఏ కన్వర్టరూ చెప్పదు, ఎందుకంటే దానికి మీరిచ్చింది హద్దో గురో తెలియదు.

చేతులు మారేకొద్దీ ఎలా ఉబ్బుతుందో కూడా చూడండి. 20 ఔన్స్ ఇంచులు, 1.25 ఇంచ్ పౌండ్లు. ఒకరు దాన్ని 1.3 అన్నారు. ఇంకొకరు దాన్ని 0.147 న్యూటన్ మీటర్‌గా మార్చి 0.15 అని రాశారు. వెనక్కి మారిస్తే 21.2 ఔన్స్ ఇంచులు. ఎవరూ తప్పు చేయలేదు, అందరూ స్కూల్లో నేర్పినట్టే సవరించారు. అయినా 6 శాతం పెరిగింది, ఉన్న సడలింపులో సగానికి పైగా కాగితాల మీదే ఖర్చయిపోయింది. అందుకే నేను మార్చిన విలువ పక్కన అసలు విలువని, అసలు యూనిట్‌తో సహా రాసి పెడతాను. తర్వాతివాడు నా అంకె నుంచి కాక అక్కడినుంచి మొదలుపెట్టాలి.

ఇంతకీ ఏ యూనిట్ మంచిది? నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. చేతికి కిలోగ్రామ్ సెంటీమీటర్, లెక్కకి న్యూటన్ మీటర్. కిలోగ్రాము బలం కాదు, ద్రవ్యరాశి. దాన్ని బలంగా వాడటం పద్ధతి కాదని నాకూ తెలుసు. కానీ 1.44 కిలోగ్రామ్ సెంటీమీటర్లు అనగానే చేతికి ఒక బరువు తెలుస్తుంది. 141 మిల్లీన్యూటన్ మీటర్లు అంటే ఏ వేలికీ ఏమీ తెలియదు. ఉజ్జాయింపుకి ఒక కిలోగ్రామ్ సెంటీమీటర్ అంటే 0.1 న్యూటన్ మీటర్ అనుకుంటే 2 శాతం తేడా, బిగింపు పనికి అది లెక్కలోది కాదు.

మోటారు లెక్కలకి కూర్చున్నప్పుడు మాత్రం న్యూటన్ మీటరే దిక్కు. 20 మిల్లీన్యూటన్ మీటర్ల టార్కుతో నిమిషానికి 3000 చుట్లు తిరిగే మోటారు ఎన్ని వాట్లిస్తుంది? సెకనుకి 314 రేడియన్లు, దాన్ని 0.02తో గుణిస్తే 6.28 వాట్లు. మధ్యలో ఏ మాయ గుణకమూ లేదు. అదే ఔన్స్ ఇంచుల్లో అయితే చుట్లతో గుణించి 1352తో భాగించాలి, ఆ 1352 ఎక్కడిదని అడిగితే సగం మంది చెప్పలేరు. ఇంకా అందమైన సంగతి ఒకటుంది. మాగ్నెట్ డీసీ మోటారుకి రెండు స్థిరాంకాలు ఇస్తారు. ఒక ఆంపియర్‌కి ఎంత టార్క్ వస్తుందో ఒకటి, తిరుగుతున్నప్పుడు వేగానికి తగ్గట్టు ఎంత వోల్టేజి పుడుతుందో ఇంకొకటి. ఒకటి న్యూటన్ మీటర్ల్లో, ఇంకొకటి రేడియన్ల వేగానికి వోల్టుల్లో రాస్తే రెండు అంకెలూ ఒకటే! ఒకే గుణాన్ని రెండు వైపులనుంచి చూస్తున్నాం. పాత డేటాషీట్లలో ఒకటి ఔన్స్ ఇంచుల్లో, ఇంకొకటి వెయ్యి చుట్లకి వోల్టుల్లో ఇచ్చేవారు, మధ్యలో 1.352 అన్న అంకె దూరేది. నేను కొన్నేళ్ళపాటు అవి రెండు వేర్వేరు గుణాలనే అనుకున్నాను. యూనిట్లు ఒక నిజాన్ని దాచిపెట్టగలవని తెలిసిన రోజు కాస్త సిగ్గేసింది కూడా.

స్క్రూలు తెగాక నేను ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాను. తేలికైన అల్యూమినియం పట్టీ, ఒక కొసన డ్రైవర్ బిట్ పట్టే రంధ్రం, దానికి సరిగ్గా 10 సెంటీమీటర్ల దూరంలో ఒక గాటు. డ్రైవర్‌ని బల్ల అంచున అడ్డంగా బిగించి, పట్టీని నేలకి సమాంతరంగా నిలిపి, గాటు నుంచి దారంతో బరువు వేలాడదీస్తాను. 20 ఔన్స్ ఇంచులకి పెట్టిన డ్రైవర్ (మొదటిది కాదు, అంత తక్కువకి దిగే ఇంకోటి) 144 గ్రాముల దగ్గర క్లిక్ అవ్వాలి. మొదటిసారి చేసినప్పుడు 134 దగ్గరే జారిపోయింది. డ్రైవర్ పాడైందనుకున్నాను. కాదు, పట్టీ ఒకవైపే ఉంది. దాని సొంత బరువు 20 గ్రాములు, గురుత్వ కేంద్రం 5 సెంటీమీటర్ల దగ్గర. అంటే నేనేమీ వేలాడదీయకముందే 100 గ్రామ్ సెంటీమీటర్లు ఎక్కేశాయి, మొత్తంలో 7 శాతం. కారు చక్రం నట్టు బిగించే పెద్ద పానాకి దాని సొంత బరువు ఎవరూ లెక్కేయరు, వేయనక్కర్లేదు కూడా. ఇక్కడ వేయకపోతే ఆ బరువే అబద్ధం చెప్తుంది. పట్టీని రెండు వైపులా సమంగా పొడిగించాక లెక్క కుదిరింది.

పట్టీ వాలినా తేడానే. దూరం అంటే బరువు లాగే గీతకి లంబంగా ఉన్న దూరం. పట్టీ 30 డిగ్రీలు కిందికి వాలితే 10 సెంటీమీటర్లు 8.66 అయిపోతాయి, టార్క్ 13 శాతం తగ్గుతుంది. భూమ్యాకర్షణ కూడా భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83. తేడా అర శాతమే. స్క్రూలు బిగించేవాడికి అక్కర్లేదు, ప్రయోగశాలలో తూకపు రాళ్ళతో టార్క్ మీటర్లు సరిచూసేవాళ్ళకి మాత్రం అక్కడి విలువ తెలియాలి.

ఆ పట్టీ మీద నా తప్పుని కూడా కొలిచి చూశాను. 144 గ్రాములు వేలాడాల్సిన చోట నేను డ్రైవర్‌కి చెప్పినది 2 కేజీల 300 గ్రాములు. 20 ఇంచ్ పౌండ్లు అన్నప్పుడు ఏమీ అనిపించనిది, ఆ బరువు చేత్తో పట్టుకుని వెంట్రుకంత స్క్రూ వైపు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చానని కళ్ళకి కట్టింది. అప్పటినుంచి ఏ టార్క్ విలువ వచ్చినా, ఏ యూనిట్‌లో వచ్చినా, ముందు దాన్ని '10 సెంటీమీటర్ల చేతికి ఎన్ని గ్రాములు' అన్న ప్రశ్నలోకి దించుతాను. ఆ తర్వాతే కన్వర్టర్ జోలికి వెళ్తాను. దాంట్లో కూడా గ్రామ్ సెంటీమీటర్ కిందే కిలోగ్రామ్ సెంటీమీటర్, దాని కిందే కిలోగ్రామ్ మీటర్ ఉంటాయి. వేలు ఒక వరస జారితే వెయ్యి రెట్లు, ఇంకో వరస జారితే వంద రెట్లు.

ఈ మధ్య ఇంకో షీట్ వచ్చింది, అదే మసక ఫోటోకాపీ బాపతు. 'టార్క్ 12' అని ఉంది, యూనిట్ ఉండాల్సిన చోట మరక. పంపినవాళ్ళకి మెయిల్ పెట్టాను: ఇవి ఔన్స్ ఇంచులా, ఇంచ్ పౌండ్లా అని. "అవునండీ, అవే" అని జవాబు వచ్చింది. మళ్ళీ రాశాను: పది సెంటీమీటర్ల చేతికి 86 గ్రాములు వేలాడదీయమంటారా, కేజీ మీద 380 గ్రాములా?

ఈసారి ఫోన్ చేశారు.